తెరవగానే కూసిన హెల్పు ఫైలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్ ఒకటో తారీకున నన్ను ఒక ప్రాజెక్టుకి డాక్యుమెంటేషన్ లీడ్‌గా వేశారు. హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా టెక్నికల్ రైటర్‌గా పనిచేస్తున్నాను. ఇంజనీర్లు తయారుచేసిన వస్తువును వాడేవాళ్ళకి అర్థమయ్యేలా మాన్యువళ్ళు, హెల్పు పేజీలు రాయడం టెక్నికల్ రైటర్ పని. ట్రైనీ, రైటర్, సీనియర్ రైటర్, లీడ్ అని హోదాల వరుస. లీడ్‌కి జీతం కాస్త ఎక్కువే గాని, అధికారం ఒక్కటే ఉంటుంది: చివరి సంతకం. అది పడితేనే పేజీ బయటికి వెళ్తుంది. ఈ ఉదంతమంతా నేను పెట్టిన అలాంటి ఒక సంతకం గురించి.

ఆఫీసువాళ్ళు ఇంకా ఇంటి నుంచే పని చెయ్యనిస్తున్నారు గనుక, అప్పటికే బందరు ఇంగ్లీషుపాలెంలోని మా ఇంటికి వచ్చేశాను. రోజంతా ఇంగ్లీషులో మాన్యువళ్ళు రాసే మనిషికి ఇంతకంటే తగిన పేట దొరకదని మా వారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు.

ప్రాజెక్టు ఏమిటంటే, శబ్దాలతో పనిచేసే ఒక ప్రోగ్రామింగ్ భాష. అందులో అక్షరాలతో కోడు రాయరు. తెర మీద చిన్న చిన్న పెట్టెలు పెట్టి వాటి మధ్య తీగలు గీస్తారు. ఒక పెట్టె మైకు నుంచి శబ్దం తెస్తుంది, ఇంకోటి దాన్ని పెంచుతుంది, మరోటి అక్కర్లేని భాగాన్ని వడగడుతుంది, చివరిది స్పీకరుకి పంపుతుంది. మా ఇంజనీర్లు దీన్ని గంటన్నరసేపు బొమ్మలు గీసి వివరించారు. పెద్ద కాలువ, లాకు, పిల్లకాలువ, తూము, బోదె అనుకున్నాక నాకు ఐదు నిమిషాల్లో ఎక్కింది. నీళ్ళకు బదులు శబ్దం పారుతుంది, అంతే. డెల్టాలో పుట్టినందుకు ఉద్యోగపరంగా నాకు కలిగిన లాభం ఇదొక్కటే.

ఏ పెట్టె మీదైనా మౌస్ కుడి బటన్ నొక్కి 'హెల్ప్' అంటే దాని హెల్పు ఫైలు తెరుచుకుంటుంది. మామూలు హెల్పు పేజీ చదువుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఇక్కడ అలా కాదు. హెల్పు ఫైలు కూడా అదే భాషలో చేసిన చిన్న ప్రోగ్రాము. అందులో ఆ పెట్టె నిజంగా పనిచేస్తూ ఉంటుంది. శబ్దం వినవచ్చు, మీటలు కదిపి తేడా చూడవచ్చు. పక్కన నాలుగు ముక్కల వివరణ ఉంటుంది.

ఇలాంటి ఫైళ్ళు వందల్లో ఉన్నాయి. వాటన్నిటినీ ఒక క్రమంలో పెట్టడం నాకు అప్పగించిన పని. ఏళ్ళ తరబడి ఎవరి పెట్టెకు వాళ్ళు, తోచినప్పుడు తోచినట్టు రాసి పడేసినవి అవి. ఒక ఫైల్లో "ఈ పెట్టె ఏం చేస్తుందో దాని పేరే చెబుతుంది" అని ఒక్కటే వాక్యం ఉంది. ఆ పెట్టె పేరు చూస్తే మూడు హల్లులు. అచ్చుల మీద మా ఇంజనీర్లకు ఏం పగ ఉండేదో గాని, పేర్లలో ఒక్కదాన్నీ చేరనిచ్చేవారు కాదు. ఇంకో ఫైలు చివర "ఇది కూడా చూడండి" అన్న చోట మళ్ళీ ఆ ఫైలు పేరే ఉంది. మరొకదాంట్లో "ఇది ఎందుకు పనిచేస్తోందో నాకు తెలియదు, ముట్టుకోకండి" అని ఉంది. రాసినాయన ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. నేనూ ముట్టుకోలేదు.

ఆరు నెలలు కూర్చుని ఒక నమూనా తయారుచేశాను. ముందు పేరు, తర్వాత అది చేసే పని, తర్వాత లోపలికి ఏం వెళ్ళాలి, బయటికి ఏం వస్తుంది, తర్వాత పనిచేసే ఉదాహరణ, ఆ కింద జాగ్రత్తలు, అన్నిటికంటే చివర సంబంధిత పెట్టెలు. ప్రతి ఫైలూ ఇదే వరుసలో ఉండాలన్నాను. తర్వాత వర్గీకరణ. పాతకాలపు ఇంట్లో సామాను సర్దినట్టు, ఫిల్టర్లు అనే గదిలో, శబ్దంలో కొంత భాగాన్ని తిరస్కరించేవి అనే అలమరలో, సన్నటి భాగాన్నే తీసేవి అనే అరలో ఒక్కో పెట్టెనూ పెట్టాను. వీటన్నిటికీ మించి నేను గర్వపడిన నియమం ఇంకొకటి ఉంది: ఫైలు తెరవగానే ఉదాహరణ వినిపించాలి, వాడేవాడు ఏ బటనూ వెతుక్కోకూడదు. "జీవమున్న సహాయం" అని దానికి పేరు కూడా పెట్టాను. మీటింగులో అందరూ తెర మీద చప్పట్ల బొమ్మలు పంపారు. ఫైళ్ళన్నీ ఇంజనీర్ల తనిఖీ దాటాయి. సంతకం పెట్టాను. వాడకందార్లు ముందుగా ప్రయత్నించి చూసేందుకు ఇచ్చే బీటా వెర్షన్‌లో అవి బయటికి వెళ్ళాయి. అసలు విడుదలకు ఇంకా నెల ఉంది.

ఆ వారంలోనే సపోర్టు విభాగం నుంచి నాకొక ఫిర్యాదు వచ్చింది. భాష అన్న గడిలో "గుర్తించలేదు" అని రాసి ఉంది. చూస్తే తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. సారాంశం ఇది:

"అయ్యా, మీ హెల్పు నొక్కాను. పెళ్ళి ముహూర్తం కంటే ముందే అయిపోయింది. తప్పు నాది కాదని మీరు కాగితం ఇవ్వాలి. ఇట్లు, మస్తాన్, మైకుసెట్టు, గుడివాడ."

మూడుసార్లు చదివాను. హెల్పుకీ పెళ్ళికీ లంకె దొరకలేదు. మా ప్రొడక్టు మేనేజరు రఘురామ్‌కి అనువదించి పంపాను. అతను నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, హోదాలో రెండు మెట్లు పైన. ఐదు నిమిషాల్లో జవాబిచ్చాడు: "పద్మగారూ, వాడేవాడి పొరపాటు అని రాసి మూసేయండి." మా పద్ధతిలో ఫిర్యాదు మూయాలంటే ఒక కారణం ఎంచుకోవాలి. "వాడేవాడి పొరపాటు" అన్నది ఆ జాబితాలో అన్నిటికంటే పైన ఉండేది, బహుశా ఎక్కువగా అవసరం పడుతుందని.

మూయడానికి చెయ్యి రాలేదు. గుడివాడ నాకు పాసింజరు రైలెక్కితే చేరే ఊరు. మర్నాడు పొద్దున్నే వెళ్ళాను.

మస్తాన్‌గారికి యాభై ఏళ్ళుంటాయి. కొట్టు నిండా స్పీకర్లు, చుట్టలు చుట్టిన వైర్లు. నేను ఫలానా అని చెప్పుకునేసరికి ఆయన స్టూలు మీద నుంచి లేచారు.

"ఆ హెల్పు రాసింది మీరేనా అండీ?"

"నేనేనండీ."

కాసేపు నన్ను పరీక్షగా చూసి, "పెద్దవారు, కూర్చోండి ముందు," అని ఎదురు కొట్టుకి టీ చెప్పారు. తర్వాత, "నేను చెప్తే మీరు నమ్మరు, వీడియో చూడండి," అని లాప్‌టాప్ నా వైపు తిప్పారు.

ఆయన మా భాషను వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నారు. పురోహితుడి మైకు, సన్నాయి మేళం మైకులు, పాటలు అన్నీ లాప్‌టాప్‌లోంచే కలిపి స్పీకర్లకి పంపే ఏర్పాటు పెట్టెలతో స్వయంగా కట్టుకున్నారు. చూస్తే ముచ్చటేసింది. మా ఆఫీసులో ఇంత శుభ్రంగా తీగలు గీసేవాళ్ళు ఇద్దరే ఉండేవారు. ఆ రోజు కల్యాణమండపంలో కరెంటు పోయి జనరేటరు మీదకు మారగానే స్పీకర్లలో గుర్రుమని మోత మొదలైందట. దాన్ని వడగట్టే పెట్టె ఒకటి ఉందని తెలుసు, ఎలా అమర్చాలో తెలీదు. ముహూర్తానికి ఇంకా టైముంది కదా అని ఆ పెట్టె మీద హెల్పు నొక్కారు.

వీడియోలో మిగతాది చూశాను. వధూవరుల మధ్య అడ్డుతెర. పురోహితుడు మంత్రాలు చదువుతున్నాడు. ఉన్నట్టుండి మండపంలోని స్పీకర్లన్నీ ఒక్కసారిగా రైలింజనులా కూత పెట్టాయి. అది నా ఉదాహరణ. గుర్రుమనే మోతను ఆ పెట్టె ఎలా తీసేస్తుందో చూపడానికి నేను ఎంపికచేసిన పరీక్షస్వరం. నా నియమం ప్రకారం తెరవగానే మొదలైంది. నిండు శబ్దంతో మొదలైంది.

కునికిపాట్లు పడుతున్న డోలు వాయించే అతను ఆ కూతకి ఉలిక్కిపడి లేచి, ముహూర్తం అయిందనుకుని గట్టిమేళం అందుకున్నాడు. డోలు వినగానే సన్నాయి అందుకుంది. గట్టిమేళం వినగానే అడ్డుతెర పట్టుకున్న ఇద్దరూ దాన్ని వదిలేశారు. తెర జారగానే పెళ్ళికూతురు చేతిలో ఉన్న జీలకర్రా బెల్లం పెళ్ళికొడుకు నెత్తిన పెట్టేసింది. అతనూ ఆమె నెత్తిన పెట్టాడు. నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడ్డాయి. కూత ఆగాక పురోహితుడు గడియారం చూసుకున్నాడు. ముహూర్తానికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

పిల్ల తండ్రి మొహం చూస్తే నాకే భయమేసింది. కుర్చీలోంచి సగం లేచాడు. అప్పుడు పురోహితుడు మైకులో అరిచాడు: "చేతులు తియ్యకండి! ఎవరూ చేతులు తియ్యకండి! ముహూర్తం వేళకి చేతులు నెత్తిన ఉంటే చాలు, శాస్త్రం సరిపోతుంది!"

ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టుకుని నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చున్నారు. రెండో నిమిషంలో పెళ్ళికూతురికి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి చాలా పాటుపడింది. మూడో నిమిషంలో పెళ్ళికొడుకు చెయ్యి తిమ్మిరెక్కిందని మెల్లగా అనడం పురోహితుడి మైకులో అందరికీ వినిపించింది. సరిగ్గా ముహూర్తానికి మళ్ళీ గట్టిమేళం వాయించారు.

నాకూ నవ్వాగలేదు. మస్తాన్‌గారు మాత్రం నవ్వలేదు.

"మీరు నవ్వచ్చండి. ఊళ్ళో నన్ను కూత మస్తాన్ అంటున్నారు. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాను, ఒక్క మాట పడలేదు. ఇంకో రెండు నెలల్లో మోపిదేవిలో పెళ్ళుంది. ఆ పార్టీ ఫోన్ చేసి, మళ్ళీ కూత రాదు కదా, రాదని గ్యారంటీ ఏంటి అంటున్నారు. అందుకే కాగితం అడిగింది."

నవ్వు ఆగిపోయింది. ఆయన్ని ఒక్కటే అడిగాను, ఆ రోజు ఏం చేశారో నా ముందు మళ్ళీ చేసి చూపించమని. ఆయన ఒప్పుకున్నారు గాని, హెల్పు నొక్కే ముందు లాప్‌టాప్‌కున్న వైర్లన్నీ ఒక్కొక్కటే పీకి, చుట్టచుట్టి, గుడ్డతో కట్టి, అలమరలో పెట్టి గడియ వేశారు. పాముని బుట్టలో పెట్టే మనిషి కూడా అంత జాగ్రత్త పడడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నా పనికి దొరికిన సమీక్షల్లో అంత స్పష్టమైంది ఇంకోటి లేదు.

ఫైలు తెరిచారు. మెల్లగా కిందికి జరుపుతూ వెళ్ళి, జాగ్రత్తలు అన్న చోట ఆగి, కూడబలుక్కుంటూ చదివారు. "ఈ ఫైలు తెరిచే ముందు శబ్దం తగ్గించండి," అని ఉంది. నేను రాసిందే. నమూనా ప్రకారం దాని చోటు అదే.

"మేడంగారూ, ఏమీ అనుకోకండి. సీసా లోపల 'మూత తియ్యకండి' అని చీటీ రాసి పడేసినట్టుందండీ."

అనుకోవడానికేం మిగల్లేదు. ఇంకో సంగతి కూడా అడిగాను: ఈ పెట్టె పేరు తెలియకపోతే హెల్పులో దేని కింద వెతికేవారు అని. ఆయన ఆలోచించకుండా, "గుర్రు," అన్నారు. గుర్రుకి ఇంగ్లీషు మాట వేసి వెతికాను. ఏమీ దొరకలేదు. నా గదిలో, నా అలమరలో, నా అరలో ఆ పెట్టె భద్రంగా ఉంది. రోగం పేరుతో వచ్చినవాడికి మాత్రం కనపడదు. నోటు పుస్తకం తీసి, ఆయనకు తెలిసిన శబ్దాల జబ్బులన్నీ చెప్పమన్నాను. గుర్రు, బుస్స, కీచు, టప్పు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుండడం, మాట మీద మాట పడ్డం. రెండు పేజీలయ్యాయి. ఆర్నెల్లు నేను చేసిన వర్గీకరణ కంటే అది మేలని రైల్లో తిరిగొస్తుండగా పెడన దగ్గర ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి అప్పటిదాకా పట్టింది.

ఇంటికొచ్చాక పద్ధతి ప్రకారం ఒక పని చేశాను. మా దగ్గర ఏ లోపం కనిపించినా డిఫెక్టు రిపోర్టు రాయాలి. దానికి తీవ్రత నాలుగు తరగతులు. ఒకటో తరగతిది ఉంటే అది తీరేదాకా విడుదల ఆగిపోతుంది. సాధారణంగా ప్రోగ్రామ్ కుప్పకూలితేనో, వాడేవాళ్ళ ఫైళ్ళు పోతేనో ఒకటో తరగతి వేస్తారు. నేను నా డాక్యుమెంటు మీద, నా సంతకం మీద, ఒకటో తరగతి డిఫెక్టు వేశాను. "లోపం ఉన్న కోడు వరుస సంఖ్య?" అని ఆ ఫారం అడిగింది. "వర్తించదు, లోపం నియమంలో ఉంది," అని రాశాను. "కారణమైనవారు" అన్న గడిలో నా పేరు వేశాను.

పది నిమిషాల్లో రఘురామ్ ఫోన్ చేశాడు.

"పద్మగారూ, డాక్యుమెంటు మీద సివియరిటీ వన్ ఏంటండీ? నేను మా పైవాళ్ళకి ఏం చెప్పాలి?"

"పెళ్ళి ముందే అయిపోయిందని చెప్పండి."

"జోకులొద్దండీ. జాగ్రత్త రాసే ఉంది కదా ఫైల్లో. చదవకపోతే మన తప్పా?"

"తెరిచాకే చదవగలడు. తెరవగానే కూస్తుంది. ఎప్పుడు చదవమంటారు?"

ఫోన్ పెట్టేశాక వీడియో పంపాను. అది పంపడానికి మస్తాన్‌గారి అనుమతీ, ఆయన ద్వారా పిల్ల తండ్రి అనుమతీ ముందే తీసుకున్నాను. అరగంట తర్వాత రఘురామ్ మళ్ళీ ఫోన్ చేశాడు. నవ్వి నవ్వి గొంతు బొంగురుపోయింది. తమ టీములో అందరూ చూశారనీ, చేతులు తియ్యకండి అన్నది అప్పుడే ఆఫీసులో మాటయి కూర్చుందనీ చెప్పాడు. తర్వాత మామూలు గొంతుతో, "ఎన్నాళ్ళు కావాలండీ?" అని అడిగాడు.

విడుదల మూడు వారాలు వాయిదా పడింది. ప్రతి హెల్పు ఫైలూ శబ్దం లేకుండా తెరుచుకునేలా, పెద్ద బటను నొక్కితేనే ఉదాహరణ మొదలయ్యేలా మార్చాం. జాగ్రత్తలు పైకెక్కి పేరు కిందే చేరాయి. వర్గీకరణకు ముందు, జబ్బుల పేర్లతో ఒక సూచిక వచ్చింది. ఆ ఏటి నా వార్షిక మదింపులో "ప్రణాళికలో లోపం" అని రాశారు. అది నిజమే గనుక అభ్యంతరం చెప్పలేదు.

మస్తాన్‌గారడిగిన కాగితం మాత్రం ఇవ్వనన్నారు లీగల్ విభాగంవాళ్ళు. కంపెనీ తప్పు ఒప్పుకుంటూ ఎవరికీ ఉత్తరం రాయకూడదట. అయితే ప్రతి విడుదలతోపాటు సరిదిద్దిన లోపాల జాబితా ప్రచురించడం ఆనవాయితీ, అది రాసేది నేను. మొదటి అంశంగా ఇలా రాశాను: "ఇంతకుముందు హెల్పు ఫైలు తెరవగానే హెచ్చరిక లేకుండా పెద్ద శబ్దం వచ్చేది. ఈ లోపం మాది. సరిచేశాం." లీగల్‌వాళ్ళు చదివారో లేదో తెలీదు, దాన్ని ఎవరూ ఆపలేదు. దానికి తెలుగు అనువాదం చేసి మస్తాన్‌గారికి పంపాను. ఆయన లామినేషన్ చేయించి కొట్టులో వేలాడదీసి, ఒక కాపీ మోపిదేవి పార్టీకి ఇచ్చారు. వాళ్ళు అది చదివి, సరే రమ్మన్నారు. కానీ ఆ హెల్పు రాసినావిడ కూడా పెళ్ళికి రావాలని షరతు పెట్టారు.

మోపిదేవిలో సత్రం హాల్లో పొద్దుటి ముహూర్తం. నన్ను మస్తాన్‌గారి పక్కన, స్పీకర్లకి ఎదురుగా కూర్చోబెట్టారు. పెళ్ళివారు అప్పుడప్పుడు తిరిగి నా వైపు చూస్తున్నారు. మంత్రాలు సగంలో ఉండగా కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది. గుర్రు మొదలైంది. నిజానికి ఆ మోతను తీసే పెట్టె ఆయన ముందే అమర్చుకున్నారు గాని, ఈ జనరేటరు మోత దానికి లొంగడం లేదు. ఏ మోతను వడగట్టాలో ఆ పెట్టెకి చెప్పే అంకె మార్చాలి.

ఆయన నా వైపు చూశారు. నేను లాప్‌టాప్ వైపు చూపించాను. చెప్పేస్తే హెల్పు దేనికి? ఆయన సూచికలో గుర్రు వెతికి, మౌస్ మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక్క క్షణం ఏదో జపించుకుని నొక్కారు. నేనూ కళ్ళు మూసుకున్నాను.

ఏమీ వినిపించలేదు. పురోహితుడి గొంతు, గుర్రు, అంతే. మస్తాన్‌గారు కళ్ళు తెరిచి, పై మూడు వరుసలూ చదివి, అంకె మార్చారు. గుర్రు తెగిపోయింది. హాల్లో ఒక్కరూ తల తిప్పలేదు. మోత ఆగిందని కూడా ఎవరూ గమనించలేదు. ఆయన చేతిగుడ్డతో మొహం తుడుచుకుని, "మీ పని ఇంతేనా అండీ?" అన్నారు. ఇంతేనన్నాను.

హెల్పు చదివేవాడు తీరిగ్గా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదువుతాడని నమ్మి నేను ఫైళ్ళు సర్దాను. ఆ నమ్మకం తప్పు. అతను చెయ్యి ఖాళీ లేనప్పుడు, జనం మధ్యలో, జబ్బు పేరు తప్ప ఇంకేమీ తెలియక వస్తాడు. సర్దడమంటే మనకు తెలిసిన వరుసలో పెట్టడం కాదు, అతను చెయ్యి చాపిన చోట పెట్టడం. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, శబ్దం నిండుగా పెట్టి, స్పీకరు పక్కన నా చెవి పెట్టి, నేనే తెరిచి చూడకుండా ఏ హెల్పు ఫైలు మీదా సంతకం పెట్టలేదు.